మా ఊరు పేపరు చదివిన కాలం

1991 నాటికి మా ఊరికి ప్రభుత్వం రెండు దారుల్లో వచ్చేది. పగలు సారా జీపులో, రాత్రి అక్షరదీపం పలకల మూటతో. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. వింజమూరు దాటి ఉదయగిరి కొండ వైపు పోతుంటే దారిలో తగిలే చిన్న పల్లె. కాలవ నీళ్ళు ఎరుగం. వాన పడితే జొన్నో సజ్జో పొగాకో వేస్తారు, పడకపోతే కూలికి కావలి వైపో డెల్టా వైపో పోతారు. బోరింగు చెడిపోతే బాగుచేసే మనిషి కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళం. ఎండాకాలంలో ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పొలాల బావులకు పోయేవాళ్ళు. సారాకు మాత్రం ఎండా లేదు, ముసురూ లేదు, పండగా లేదు. అది రాని రోజు నాకు గుర్తులేదు.

అది దొంగ సారా కాదు. సర్కారు సారా. తయారీ, పంపిణీ ప్రభుత్వానివి. అమ్ముకునే హక్కు ఏటా వేలం పాటలో కాంట్రాక్టరుకు పోయేది. 1980లలో వారుణి వాహిని పేరుతో సారాను పాలిథిన్ ప్యాకెట్లలో పెట్టాక అంగడి దాకా నడవాల్సిన పని కూడా తప్పింది. కుర్రాళ్ళు సైకిల్ మీద సంచి తగిలించుకుని కోత కోస్తున్న చేని గట్టుకే తెచ్చి ఇచ్చేవాళ్ళు. అప్పు రాసుకునేవాళ్ళు. సాయంత్రం మేస్త్రి కూలి పంచేటప్పుడు ఆ కుర్రాడు పక్కనే నిలబడి తన బాకీ తాను తీసుకునేవాడు. మిగిలింది ఇంటికి వచ్చేది. మిగలని రోజులే ఎక్కువ. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజు మీద వచ్చింది 39 కోట్లు. 1991-92కి అది 800 కోట్లు దాటింది. ఆ లెక్క నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చదివినప్పుడు నా కళ్ళముందు మేస్త్రి పక్కన నిలబడ్డ ఆ సైకిలు కుర్రాడే మెదిలాడు.

అప్పటికి నేను ఇంటర్ పాసై ఇంట్లో ఉన్నాను. కేంద్రం 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలుపెట్టింది. కేరళలో ఎర్నాకుళం జిల్లా అందరికీ చదువు చెప్పి చూపించింది. అదే పద్ధతి అక్షరదీపం పేరుతో మా జిల్లాకూ వచ్చింది. మండలానికి ఇంతమంది వాలంటీర్లు కావాలన్నారు. జీతం లేదు. పలకలు, బలపాలు, వాచకాలు, లాంతరుకు కిరసనాయిలు ఇస్తామన్నారు. కిరసనాయిలు కొన్నాళ్ళే వచ్చింది. చదువు కంటే ముందు ఊళ్ళోకి వచ్చింది కళాజాతా. డప్పు కొట్టుకుంటూ వచ్చిన కుర్రాళ్ళు రామాలయం ముందు పాటలు పాడారు, నాటికలు వేశారు. ఒక నాటికలో తాగుబోతు మొగుడు పెళ్ళాం దగ్గర డబ్బులు లాక్కుంటాడు. అది చూసి నవ్వాల్సినచోట మా ఊరి ఆడవాళ్ళు నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూశారు. మర్నాడు క్లాసుకు నేను అనుకున్న దానికంటే ఎక్కువమంది వచ్చారు.

క్లాసు కాలనీ బడిలో పెట్టాం. కాలనీ అంటే ఎస్సీ కాలనీ. మొదట వచ్చింది వాళ్ళే. ఊళ్ళో ఆడవాళ్ళు కొన్ని రోజులు దూరంగా నిలబడి చూసి తర్వాత చేరారు. పొద్దంతా కలుపు తీసి, వండి, పిల్లలకు పెట్టి, ఎనిమిదింటికి వచ్చి కూర్చునేవాళ్ళు. వేళ్ళు మొద్దుబారి బలపం నిలిచేది కాదు. అందరికంటే పెద్దావిడను మేమంతా పెద్దత్త అని పిలిచేవాళ్ళం. ఆమె అక్షరం దిద్దేటప్పుడు నాలుక బయట పెట్టి, తల ఒకవైపు వంచి, పలక మీద ఉన్నదాన్ని భూమిలోంచి పెకలిస్తున్నట్టు దిద్దేది.

వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా వల్ల ఇల్లు కూలిపోయిన ఒక ఇల్లాలి కథ. ఆ పాఠం చెప్పిన రాత్రి క్లాసు క్లాసులా సాగలేదు. నేను ఒక వాక్యం చదివితే ఒకరు తమ ఇంట్లో జరిగింది చెప్పేవాళ్ళు. ఇంకో వాక్యం, ఇంకొకరు. పెద్దత్త చివరిదాకా ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళబోతూ అడిగింది.

"ఇది మన కాలనీ కథే గదా పాపా. వాళ్ళకి ఎవురు పోయి చెప్పినారు?"

నేను, ప్రతి ఊళ్ళోనూ ఇదే జరుగుతోంది కాబట్టి రాశారు అన్నాను. ఆమె ఆ సంగతి అంతకుముందు ఎప్పుడూ విననట్టు నిలబడిపోయింది. తన కష్టం తన తలరాత అనుకున్న మనిషికి, అది అచ్చులో ఉంది, ఎక్కడో తెలియనివాళ్ళు కూడా దాన్ని తప్పని రాశారు అని తెలిసిన క్షణం అది. రేడియో, సినిమా, ఎన్నికల మైకులు ఎన్నో విన్న ఊరు మాది. ఒక అచ్చు కాగితం మనిషి మీద అలా పనిచేయడం నేను చూసింది అప్పుడే.

కొన్నాళ్ళకు ఆమె కూడబలుక్కుని చదివే స్థాయికి వచ్చింది. కనిపించిందల్లా చదివేది. బస్సు పేరు, అగ్గిపెట్టె, గోడల మీద పాత ఎన్నికల రాతలు. ఒకరోజు పనికి పోతూ సారా అంగడి ముందు ఆగి బోర్డు చదివింది. ప్రభుత్వ సారాయి దుకాణం. ఆ రాత్రి వాచకం వెనక అట్ట మీద వేలు పెట్టి నన్ను అడిగింది.

"ఈ పుస్తకం పంచిందీ ప్రభుత్వమేనా?"

"అవునత్తా."

"ఆ అంగడి పెట్టిందీ ప్రభుత్వమేనా?"

"అవును."

"మరి మనం ఏ ప్రభుత్వాన్ని నమ్మాల?"

నాకు జవాబు తెలియలేదు. ప్రజలకు ప్రభుత్వం మీద నమ్మకం ఎలా పుడుతుంది, ఎలా పోతుంది అని ఎవరైనా మాట్లాడినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే అడ్డం వస్తుంది. ఆమె అడిగింది ఏ పార్టీ అని కాదు. ఒకే పేరు మీద రెండు మాటలు చెబుతున్నారు, అందులో ఏ మాట మీదో అని.

దూబగుంట మాకు దూరం కాదు. కలిగిరి మండలం. అక్కడి ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారని 1991లోనే విన్నాం. వాళ్ళకు ముందు నిలబడ్డ రోశమ్మ పేరు అప్పుడే విన్నాం. ఆ ఊరి సంగతి ఆడవాళ్ళు ఏకమైతే అన్న పాఠంగా తర్వాతి పుస్తకంలో వచ్చింది. సీతమ్మ కథ చదివి ఏడ్చినవాళ్ళు ఈ పాఠం చదివి ఏడవలేదు. "మనం కూడా ఆపితే ఏమవుద్ది?" అన్నారు. 1992 నడిమికి వచ్చేసరికి జిల్లాలో ఊరి తర్వాత ఊరు సారా అంగళ్ళు మూయిస్తోంది.

మా ఊళ్ళో అది ఒక మధ్యాహ్నం మొదలైంది. జీపు వస్తోందని పిల్లలు అరిచారు. చేలో ఉన్న ఆడవాళ్ళు కొడవళ్ళతో సహా రోడ్డు మీదికి వచ్చారు. కాలనీ వాళ్ళు, ఊళ్ళోవాళ్ళు ఒకే వరసలో కూర్చున్నారు. మా ఊళ్ళో అలా కలిసి కూర్చోవడం అంతకుముందు లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు, తిట్టాడు, చివరికి దిగి బతిమాలాడు. పెద్దత్త జీపు వెనక్కి పోయి ఒక సంచి లాగి కింద పోసింది. ప్యాకెట్లు తొక్కితే పగిలే చప్పుడు, ఆ వాసన, ఇప్పటికీ నాకు తెలుసు. రెండోసారి జీపు వచ్చినప్పుడు వెనక పోలీసులు ఉన్నారు.

ఇక్కడ మా అన్న గురించి చెప్పాలి. ఆయన ఒక దినపత్రికకు మా మండలం కంట్రిబ్యూటరు. జీతం లేదు, అచ్చయిన వార్త పొడుగును బట్టి డబ్బులు. నెలాఖరుకు తన వార్తలన్నీ కత్తిరించి, కాగితాలకు అంటించి, స్కేలు పెట్టి కొలిచి పంపేవాడు. వార్త రాసిన కవరు, ఫోటో రీలు ఉంటే అదీ, నెల్లూరు పోయే ఆఖరి బస్సు డ్రైవరుకు ఇచ్చేవాడు. బస్టాండులో ఆఫీసు మనిషి తీసుకునేవాడు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. అంతకుముందు మా ఊరి పేరు పేపర్లో రావాలంటే తుపానో హత్యో జరగాలి. జిల్లా పేజీలు వచ్చాక బోరింగు చెడిపోయినా వార్తే. నా మటుకు, ఆ కాలంలో తెలుగునాట జరిగిన పెద్ద రాజకీయ మార్పుల్లో అదొకటి. పల్లెటూరి మనిషి తన ఊరి పేరు అచ్చులో చూసుకున్నాడు.

పోలీసు జీపు వచ్చిన రోజు అన్న కెమెరా ఎవరిదో అడిగి తెచ్చుకుని రోడ్డు మీదికి వచ్చాడు. కెమెరా చూసిన ఎస్సై గొంతు తగ్గించాడు. జీపు వెనక్కి తిప్పించాడు. మా ఆడవాళ్ళు ఆ తేడాను ఆ క్షణంలోనే పట్టుకున్నారు. ఆ తర్వాత జీపు శబ్దం వింటే ముందు ఒక పిల్లవాణ్ణి మా ఇంటికి పంపేవాళ్ళు. "అన్నను పిలవండి, పేపరన్నను" అని.

ఈనాడు అప్పట్లో సారాపై సమరం పేరుతో ప్రత్యేకంగా ఒక పేజీ వేసేది. ఏ ఊళ్ళో ఏం జరిగిందో, ఎవరు ఎలా ఆపారో, రోజూ. కాలనీ బడిలో మా రాత్రి క్లాసు మెల్లగా పేపరు చదివే క్లాసుగా మారిపోయింది. పేపరు మా ఊరికి పదకొండు గంటల బస్సులో వచ్చేది. టీ అంగడి దగ్గర మగవాళ్ళు చదివి నలిపేశాక సాయంత్రానికి మాకు దొరికేది. ఒక్కొక్కరు ఒక్కో వార్త. అక్షరం తడబడినా ఊరి పేర్లు మాత్రం తడబడేవాళ్ళు కాదు, అవన్నీ వాళ్ళ పుట్టిళ్ళో మెట్టినిళ్ళో చుట్టాలున్న ఊళ్ళో. "అది నిజమే, మా చెల్లెలు చెప్పింది" అనేవాళ్ళు. నేను గమనించింది అది. వాళ్ళు పేపరును ఊరికే నమ్మలేదు. చెల్లెలి మాటతో సరిచూసుకుని నమ్మారు. తమ కళ్ళముందు జరిగింది మర్నాడు అచ్చులో ఉన్నదున్నట్టు కనిపించింది కనుక నమ్మారు.

అదే సమయంలో రేడియోలో పొద్దున ఆరూ నలభై అయిదుకు విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు. మంత్రుల పర్యటనలు, శంకుస్థాపనలు, ముఖ్యమంత్రి సందేశాలు. రోడ్డు మీద కూర్చున్న మా ఊసు ఎప్పుడో ఒకసారి, అదీ శాంతిభద్రతల సమస్యలాగా. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి మా జిల్లా మనిషే. మనవాడు అన్న అభిమానం మొదట చాలామందికి ఉండేది. కానీ రేడియో చెప్పే ప్రభుత్వం, రోడ్డు మీద పోలీసులను వెంటబెట్టుకుని సారా దించే ప్రభుత్వం ఎంతకీ ఒకటి కాలేదు. "రేడియోలో చెప్పేది మన దేశం సంగతేనా?" అని ఒక కాలనీ అక్క అడిగింది. రేడియో అబద్ధం చెప్పిందని ఆమె అనలేదు. తాను బతికే చోటు గురించి ఏమీ చెప్పడం లేదని అంది. ఒక ప్రభుత్వ ప్రచారం ఓడిపోవడానికి అబద్ధమే అక్కర్లేదు, అది చాలు.

పత్రిక చేసిన మేలు చెప్పాను, రెండో వైపు కూడా చెప్పకపోతే ఈ జ్ఞాపకం నిజం కాదు. ఉద్యమం ఊపు మీద ఉన్న రోజుల్లో టౌను నుంచి ఒక ఫోటోగ్రాఫరు వచ్చాడు. మా వాళ్ళు అప్పటికే అంగడి మూయించి ఇళ్ళకు పోతున్నారు. ఆయన వాళ్ళను వెనక్కి పిలిపించి, చీపుళ్ళు తెచ్చుకోమన్నాడు. మా ఊళ్ళో ఆ రోజు ఎవరి చేతిలోనూ చీపురు లేదు. "ఎత్తి పట్టుకోండమ్మా, కోపంగా చూడండి" అన్నాడు. కొందరు సిగ్గుపడ్డారు, కొందరు ఉత్సాహంగా ఎత్తారు. ఆ ఫోటోయే వచ్చింది. ఆ తర్వాత ఎక్కడ ఊరేగింపు జరిగినా చీపుళ్ళు ముందే వచ్చేవి. పత్రిక చూసింది రాయడంతో ఆగలేదు. ఏది చూడదగ్గదో మాకు నేర్పింది. అంగడి ముందు రాత్రంతా మౌనంగా కాపలా కాసినవాళ్ళ ఫోటో ఒక్కటీ లేదు. అది ఫోటోకు పనికిరాదట.

పత్రికలకు తమ లెక్కలు ఉన్నాయని అన్నకు తెలుసు. ఒక పత్రికకు అధికారంలో ఉన్న పార్టీతో పాత వైరం. ఇంకొక పత్రిక యాజమాన్యానికి మద్యం వ్యాపారం. ఒకదాన్ని ఇంకొకటి దెబ్బతీయడానికి మా ఊరి రోడ్డు కూడా పనికొచ్చింది. "మనకి కావాల్సింది మనకి దొరుకుతుంది, వాళ్ళకి కావాల్సింది వాళ్ళకి దొరుకుతుంది" అనేవాడు అన్న. పుస్తకాల్లో కొందరు ఆ ఉద్యమాన్ని పత్రికలే నడిపించాయని రాశారు. నేను ఒప్పుకోను. రోడ్డు మీద కూర్చున్నది పేపరు కాదు. కానీ దూబగుంట మాట ఉదయగిరి దాకా, చిత్తూరు దాకా, కర్నూలు దాకా అంత వేగంగా పోయింది పేపరు వల్లే. ఈ రెండూ నిజమే.

వేలం పాటలు జరగనివ్వలేదు. నెల్లూరులో కలెక్టరాఫీసు ముందు ఊళ్ళకు ఊళ్ళు వచ్చి కూర్చున్నాయి. వేలం పలుమార్లు వాయిదా పడింది. 1992 అక్టోబరులో ముఖ్యమంత్రి మారారు, కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. 1993 ఏప్రిల్లో మా జిల్లాలో సారా నిషేధం, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. ఆ ఏడాదే మా జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకు రూపాయి. సారా అంగడి ముందు కూర్చున్నవాళ్ళే ఈ పొదుపు సంఘాల్లోనూ కూర్చున్నారు. నేను లెక్క పుస్తకం రాసేదాన్ని. అప్పటిదాకా బ్యాంకు గడప తొక్కనివాళ్ళు, సర్కారు మనిషి అంటేనే తలుపేసుకునేవాళ్ళు, తమ రూపాయి తెచ్చి సర్కారు పథకం పెట్టెలో వేశారు. నమ్మకాన్ని కొలవడానికి నాకు తెలిసిన లెక్క అదే. ఏ ముఖ్యమంత్రి ప్రసంగమూ తేలేని ఆ రూపాయిని, తమ మాట చెల్లిందన్న సంగతి తెచ్చింది.

1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం, కిలో రెండు రూపాయల బియ్యం అని ఎన్టీఆర్ అన్నారు. మా ఆడవాళ్ళు పోలింగు రోజు పొద్దున్నే వరస కట్టారు. మొగుడు చెప్పిన గుర్తుకు కాకుండా తమ ఇష్టానికి వేస్తున్నామని బయటికే చెప్పుకోవడం నేను విన్నది ఆ ఎన్నికల్లోనే. 294 స్థానాల్లో తెలుగుదేశానికి 216 వచ్చాయి. కాంగ్రెస్‌కు 26. డిసెంబరు 12న ప్రమాణ స్వీకారం చేస్తూనే లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. పంచాయతీ టీవీలో చూశాం. "అది మన కాగితమే" అంది పెద్దత్త. ఆ రాత్రి ప్రభుత్వం అనే మాటకు మా ఊళ్ళో ఉన్నంత గౌరవం నేను మళ్ళీ చూడలేదు.

ఎనిమిది నెలల్లో ఆ ప్రభుత్వం రెండుగా చీలింది. 1995 ఆగస్టులో హైదరాబాదులో వైస్రాయ్ హోటల్ చుట్టూ జరిగిందంతా మాకు పేపరు ద్వారానే తెలుసు. ఎవరి వెనక ఎంతమంది, ఎవరిది ద్రోహం, ఎవరిది అవసరం. టీ అంగడి దగ్గర గొడవలు పడ్డారు. ఎవరు చదివే పేపరు వాళ్ళ పక్షం. ఇక్కడే నేను ఒక తేడా చూశాను. సారా వార్త వచ్చినప్పుడు చెల్లెల్ని అడిగి తెలుసుకున్న ఊరు, ఈ వార్తకు ఎవర్ని అడగాలో తెలియక పేపరు వైపే చూసింది. హోటల్లో ఏం జరిగిందో చూసిన చుట్టం ఎవరూ లేరు మాకు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయినప్పుడు మా కాలనీలో పొయ్యి వెలిగించని ఇళ్ళు ఉన్నాయి. ఆయన్ని దించింది మంచికే అని నెలల క్రితం పేపరు చూసి వాదించినవాళ్ళ ఇళ్ళు కూడా అందులో ఉన్నాయి.

1996లో, ఎన్టీఆర్ స్థానంలో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రాలు విడుదల చేసింది. రాబడి ఇంత, సబ్సిడీలు ఇంత, అప్పు ఇంత, మద్యనిషేధం వల్ల పోతున్నది ఇంత. బియ్యం రెండు రూపాయల నుంచి మూడున్నర అయింది. పేపర్లలో పటాలు, పట్టికలు. పక్క పేజీలో కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి వస్తున్న దొంగ మద్యం, కొండల్లో నాటుసారా, పట్టుబడ్డ లారీలు. అవి అబద్ధాలు కావు. నాటుసారా మా కొండల్లోనూ కాచారు, నాకు తెలుసు. కానీ మా వీధిలో కూలి డబ్బులు ఇంటికి వస్తున్నాయని, రాత్రిళ్ళు కేకలు తగ్గాయని, పొదుపు పుస్తకంలో అంకెలు పెరిగాయని కూడా నాకు తెలుసు. అది మా అన్న రాసి పంపాడు. కవరు వెళ్ళింది. అచ్చు కాలేదు. ఆ తర్వాత డెస్కు నుంచి, నిషేధం విఫలమైన ఊళ్ళు ఉంటే రాయమని కబురు వచ్చింది. అన్న రాయలేదు. కొన్నాళ్ళకు ఆయన స్థానంలో ఇంకొకరు వచ్చారు.

చదువు నేర్చిన మా ఆడవాళ్ళు ఆ శ్వేతపత్రాల వార్తలు కూడా చదివారు. అంకెలు నన్ను చదివి చెప్పమన్నారు. కోటి అంటే ఎంత అని అడిగారు. ఒకప్పుడు రోడ్డు మీద జీపుకు అడ్డం పడుకున్న అక్క ఒకామె నెమ్మదిగా అంది, "గవర్నమెంటు దగ్గర డబ్బుల్లేవంట గదా. మన కోసం ఎన్నాళ్ళని మోస్తాది?" ఆమె గొంతులో నిజమైన జాలి ఉంది. ప్రభుత్వం మీద జాలి. సారా రోజుల్లో కలెక్టరు మాటే వినని మనిషి, ఖజానా ఖాళీ అన్న పెద్దక్షరాల ముందు తలవంచింది. తన ఇంట్లో జరిగేది తనకు తెలుసు కాబట్టి అప్పుడు ఎవరూ ఆమెను నమ్మించలేకపోయారు. ఖజానాలో ఏముందో ఆమెకు తెలియదు. పత్రిక నిజం చెబుతుందని నాలుగేళ్ళ క్రితం తన కళ్ళతో చూసి సంపాదించుకున్న నమ్మకాన్ని, తన కళ్ళకు అందని దానికి కూడా ఇచ్చేసింది.

పెద్దత్త ఒప్పుకోలేదు. "ముందు మా బొమ్మలేసిన పేపరే గదా ఇది. ఇప్పుడు మమ్మల్ని ఒక మాటైనా అడక్కుండా మేం ఓడిపోయినామని రాసిందే" అంది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ ఏడాది జన్మభూమి సభకు వచ్చిన అధికారి మైకులో అభివృద్ధి గురించి చాలాసేపు మాట్లాడాడు. ప్రశ్నలుంటే అడగమన్నాడు. పెద్దత్త లేచి, శ్వేతపత్రంలో మా ఇళ్ళకు మిగిలిన డబ్బు ఎక్కడ రాశారని అడిగింది. ఆయన అర్థం కాలేదన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. సారా పోయినందుకు సర్కారుకు పోయింది రాశారు, మాకు మిగిలింది ఏ కాగితంలో ఉంది అని. మినిట్స్ పుస్తకంలో ఆ ప్రశ్న ఎక్కించమని నేను అడిగాను. ఎక్కించలేదు. ఆ సభలో ఆమె వైపు చూసిన వాళ్ళ ముఖాలు నాకు గుర్తున్నాయి. సగంమంది గర్వంగా చూశారు. సగంమంది, పేపర్లో వచ్చిన దాన్ని కాదంటుందేమిటని చూశారు.

తర్వాతి ఏళ్ళు చూసినవాళ్ళందరికీ తెలుసు. పత్రికలు, ఛానళ్ళు బాహాటంగానే పక్షాలుగా విడిపోయాయి. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి సభల్లో తనకు గిట్టనివాటిని "ఆ రెండు పత్రికలు" అంటూ మాట్లాడేవారు. 2008లో సాక్షి వచ్చింది. మా ఊళ్ళో ఏ ఇంట్లో ఏ ఛానలు మోగుతుందో విని ఆ ఇంటి ఓటు చెప్పగలిగే రోజులు వచ్చాయి. ఒకే రోజు, ఒకే ప్రభుత్వం, ఒక టీవీలో స్వర్గం, ఇంకొక టీవీలో నరకం. ఆపైన ఫోన్లు. టీచరు ఉద్యోగంలో ఉన్న నాకు పిల్లలు వాట్సాప్‌లో వచ్చినవి తెచ్చి చూపించి, "టీచర్, ఇది నిజమా" అని అడిగేవాళ్ళు. నిజమో కాదో చెప్పడం కంటే, ఇది నిజమైతే మన ఊళ్ళో ఎక్కడ కనపడాలి, పోయి చూద్దాం రండి అనడం నాకు అలవాటైంది. రేషను అంగడి స్టాకు బోర్డు, ఉపాధి హామీ మస్టరు, బడి మరుగుదొడ్డి. చూడగలిగినంతవరకు చూపించాను.

మద్యం మాత్రం ప్రతి ఎన్నికల్లోనూ ఏదో ఒక రూపంలో తిరిగి వచ్చింది. దశలవారీ నిషేధం అన్నారు, 2019 అక్టోబరు నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. బోర్డు మీద మళ్ళీ ప్రభుత్వం పేరు. 2024 ఎన్నికల్లో ధర, నాణ్యత పెద్ద విషయాలయ్యాయి. ఆ అక్టోబరులో దుకాణాలు ప్రైవేటుకు పోయాయి, 99 రూపాయల క్వార్టరు వచ్చింది. 1992లో మద్యం ఉండకూడదన్న ఊళ్ళతో, మంచి మద్యం చౌకగా ఇస్తామని మాట్లాడే దాకా వచ్చింది రాజకీయం. దీనికి నాకు కోపం ఉంది. దాచుకోను.

ఆ మధ్య ఒక ఛానలు కుర్రాడు మా ఊరికి వచ్చాడు. సారా ఉద్యమంలో ఉన్న పాతవాళ్ళతో మాట్లాడించాలట. పెద్దత్త ఇప్పుడు లేదు. జీపుకు అడ్డం పడుకున్న అక్క ఉంది, ఎనభైకి దగ్గరపడింది. ఆ కుర్రాడు మర్యాదస్తుడే, అమ్మా అమ్మా అంటూ మాట్లాడాడు. కానీ ఏ మాట కావాలో ముందే రాసుకుని వచ్చాడు. ఒక ప్రభుత్వాన్ని తిట్టాలి, ఇంకో ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి.

"నువ్వు ముందు మా ఊళ్ళో అంగడి చూసినావా నాయనా?" అని అడిగింది అక్క.

"టైం లేదమ్మా, సాయంత్రానికి పంపాలి. ఒక్క ముక్క చెప్పండి చాలు."

"చూడకుండా నీకు నేను చెప్పేది నిజమో కాదో ఎట్లా తెలుస్తాది?"

అతను వేరే వాళ్ళతో ఆ ముక్క చెప్పించుకున్నాడు. సాయంత్రం వచ్చిన దాంట్లో అక్క ముఖం ఉంది, మాట లేదు. వెనక నుంచి ఇంకొకరి గొంతు, నెల్లూరు మహిళల ఆవేదన అంటూ ఏదో చదివింది.

మర్నాడు ఆమె మనవరాలితో నన్ను పిలిపించింది. ఉత్తరం రాయమంది. ఆ ఛానలుకు ఒకటి, దానికి ఎదురు పక్షం ఛానలుకు ఒకటి, కలెక్టరుకు ఒకటి. మూడింట్లోనూ ఒకే మాట ఉండాలంది. నేను రాజకీయంగా రెండు వాక్యాలు కలపబోతే కొట్టేయమంది. అంగడి బడికి ఎంత దూరంలో ఉంది, ఏ వేళకు తెరుస్తారు, ఏ వేళకు మూస్తారు, లైసెన్సు లేని చోట్ల ఎక్కడెక్కడ అమ్ముతున్నారు, మా వీధిలో ఎంతమంది కూలి డబ్బు ఇంటికి రావడం లేదు. "వాళ్ళు వచ్చి చూసుకోగలిగినవే రాయి. ఇంకేమీ వద్దు" అంది. రాశాక మనవరాలు చదివి వినిపించింది. వేళల దగ్గర అక్క ఆపి, ఆదివారం పొద్దున ఇంకా ముందే తెరుస్తారని దిద్దించింది. వీధిలో మరికొందరు వచ్చి సంతకాలు పెట్టారు. మూడూ రిజిస్టరు పోస్టు చేశాం. కలెక్టరాఫీసు నుంచి రసీదు వచ్చింది. ఛానళ్ళ నుంచి ఇంకా ఏమీ రాలేదు. వచ్చే వారం కూడా రాకపోతే నెల్లూరు వెళ్ళి రెండు ఆఫీసుల్లోనూ స్వయంగా ఇచ్చి రావాలని అక్క అంటోంది. నేనూ వెళ్తాను.